ఆరో ముక్క

ఇద్వల్ పెదనాన్న దగ్గర ఐదే అక్షరాలుండేవి.
తేదీ తప్పు చెక్కారని ఎవరూ పట్టుకెళ్ళని సమాధిరాయి
షెడ్డులో పగిలి పడుంటే
అగ్గిపెట్టెలంత ముక్కలు కోసి
ఉలితో చెక్కాడు:
ఎస్, ఎల్, ఏ, టీ, ఈ.

నలభై ఒక్క ఏళ్ళు
కొండను పొరలుపొరలుగా విప్పిన చేతులవి.
రాయిని చెవి దగ్గర పెట్టుకుని తట్టేవాడు,
పలక పలికే తీరునిబట్టి
ఎక్కడ విచ్చుకుంటుందో చెప్పేవాడు.
మాటకీ పొరలుంటాయే, అనేవాడు,
దెబ్బ ఎక్కడ వేయాలో తెలియాలి.

ముందు స్లేట్ అని పేర్చేవాడు. ఎప్పుడూ అదే ముందు.
మా ఊళ్ళో కప్పులవే, కంచెలవే,
వాన పడితే ఊరంతా ఒకటే ఊదానలుపు.
మేమెన్నడూ చూడని నగరాల ఇళ్ళమీద
మా కొండ బోర్లా పడుకుని ఉందట.

వేలితో అటూ ఇటూ నెడితే స్టీల్.
"ఉక్కు కాదు, దొంగతనం" అని నవ్వేవాడు.
కొండ మొత్తం కోటలో దొరది.
కారుతున్న కప్పుకోసం మా తాత
చొక్కాలో దాచుకొచ్చిన పలక మాత్రం
మేజిస్ట్రేటు ముందు ఆ మాటయింది.
ఇంగ్లీషులో. దుబాసీ లేడు.
కొండంత ఎత్తుకుపోతే దాన్నేమంటారో
పెదనాన్న ఎప్పుడూ చెప్పలేదు,
ముక్కల్ని కాస్త గట్టిగా నెట్టేవాడంతే.

స్టేల్:
సోమవారం కాల్చిన రొట్టె, గురువారం టిన్ను.
సొరంగంలో నిన్నటి గాలి.

టేల్స్ దగ్గర చెయ్యి ఆగేది.
మధ్యాహ్నం టీ కాచే రాతిగుడిసెలో
ఎమ్లిన్ చెప్పేవాడు కథలు.
ఈల మోగితే సగం కథ రేపటికి.
రాయి జారి ఎమ్లిన్ మీద పడిన రోజూ
ఒకటి సగంలోనే ఉంది:
నక్క, పాదిరీగారి గొడుగు.
ఆ గొడుగు ఏమైందో
మా ఇంట్లో ఇప్పటికీ తగువే.

ఆసుపత్రి నుంచి వచ్చిన కవరు చింపి చదివింది నేను.
ఊపిరితిత్తుల్లో దుమ్ముకి తరగతులుంటాయి,
ఆయనది అన్నిటికన్నా కింది తరగతి, పరిహారమూ అంతే.
మేడమెట్లు పద్నాలుగు.
మూడుచోట్ల కూర్చునేవాడు.
ఆ రాత్రి లీస్ట్ అని పేర్చి
అంచులు తీరుగా సర్ది
దీపం ఆర్పాడు.

ఇంకోటుంది, టీల్స్, అని చెప్పింది
మందులిచ్చే అమ్మాయి మారెడ్.
చిన్న బాతులట.
నీళ్ళు నిండిన పాత గుంటలో
చలికాలం దిగేవి అవే!
అరవయ్యేళ్ళుగా చూస్తున్నాడు,
వాటి ఇంగ్లీషు పేరు అడగాలని తోచనేలేదు.
పేర్చి నవ్వాడు. నవ్వు దగ్గయింది.
దగ్గు చాలాసేపు.

ఫిబ్రవరిలో కొత్తముక్క చెక్కాడు.
ఒకే రాతిమీద రెండు ఎల్‌లు.
మా భాషలో అది ఒక్కటే అక్షరం,
నాలుకను పళ్ళకానించి
పక్కలనుంచి గాలి వదలాలి.
ఆరేళ్ళప్పుడు బడిలో
దాన్ని రెండుగా లెక్కపెట్టనన్నందుకు
మూలకు నిలబెట్టారట.
లెక్క ఇప్పుడు సరిచేశాడు.

ఇంగ్లీషు మాట దేనికీ అది అతకలేదు.
ఒంటి ఎల్ తీసి పక్కన పెట్టాడు.
ఏ, ఎస్, టీ, ఈ, చివర ఆ జంట.
ఆస్తెల్.
చివర గాలి వదిలి పలికాడు.
చెక్కపలక అని అర్థం.

దేనికి పనికొచ్చే చెక్క అని
అడగబోయి ఆగాను.
"మంచం తలాపున ఒక అర కొట్టించు,
ఇవి పెట్టుకోవాలి" అన్నాడు.

కొట్టించాను. కొలత తప్పి
కాస్త వాలుగా వచ్చింది.
మంచం ఖాళీ అయి రెండేళ్ళు.
దుమ్ము తుడిచినప్పుడల్లా
ఒంటి ఎల్ కిటికీవైపు జారుతుంది.
ఎత్తి వరసలో పెట్టడం
ఈమధ్య మానేశాను.